ఏడు గంటలకు పాలు

తొమ్మిదో బర్రె దగ్గర కూర్చుని పాలు పిండుతూ పిండుతూనే రెబెక్క నిద్రపోయింది. నుదురు బర్రె డొక్కకు ఆని ఉంది. చేతులు అలవాటు కొద్దీ ఇంకాసేపు ఆడాయని పక్క బర్రెను పిండుతున్న యాదలక్ష్మి తర్వాత చెప్పింది. పట్టు తప్పి గోరు గుచ్చుకుందేమో, బర్రె బెదిరి కాలు విసిరింది. బకెట్ ఒకవైపు, రెబెక్క ఒకవైపు పడ్డారు. లేచేసరికి ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర పక్కకు తిరిగిపోయి ఉంది.

దవాఖానలో సిమెంటు కట్టు వేసిన డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. కట్టు ఆరేదాకా మాటల్లో పెట్టి, "రోజుకెన్ని గంటలు పడుకుంటారమ్మా?" అని అడిగింది.

రెబెక్క చెప్పబోయి ఆగింది. ఆ మాట అంతకుముందు ఎవరూ అడగలేదు. తనూ ఎప్పుడూ ఆలోచించలేదు. "నాలుగు గంటలు," అంది చివరికి. "ఆదివారం సుత గంతే."

"ఎన్నేళ్ల నుంచి?"

"పదకొండేండ్లు."

డాక్టరమ్మ రాస్తున్నది ఆపి ఆమె ముఖంలోకి చూసింది. "ఆరు వారాలు ఈ చేత్తో ఏ పనీ చెయ్యకండి. చెయ్యి అదే అతుక్కుంటుంది. ముందు ఇంటికెళ్లి నిద్రపోండి," అంది.

బడంగ్‌పేట్ దాటాక, ప్లాట్లుగా కోసేసిన పొలాల మధ్య మిగిలిన రెండెకరాల్లో ఉంది బాల్‌రాజ్ డెయిరీ. ఎనభై బర్రెలు. పాలు పిండేవాళ్లు ఎనిమిది మంది, వాళ్లలో ఐదుగురు ఆడవాళ్లు. రెబెక్క, ఆమె భర్త సాలోమోను నల్లగొండ వైపు ఊరి నుంచి వచ్చి షెడ్డు వెనక ఉన్న రేకుల గదుల్లో ఒకదాంట్లో ఉంటున్నారు. సాలోమోను ట్రాలీ ఆటో నడుపుతాడు. సీసాల్లో నింపిన పాలను దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ అపార్ట్‌మెంట్లలో ఇంటింటికీ వేసి రావడం అతని పని. ఆటో వెనక పెద్ద అక్షరాలతో 'ఐదు గంటలకల్లా మీ గుమ్మంలో చిక్కటి పాలు' అని రాసి ఉంటుంది. ఆ మాట మీదే తన వ్యాపారం నిలబడిందని బాల్‌రాజ్ నమ్మకం.

ఐదింటికి గుమ్మంలో పాలుండాలంటే నాలుగింటికి ఆటో కదలాలి. అది కదలాలంటే రెండింటికి బర్రెల దగ్గర కూర్చోవాలి. పిండటం అయ్యాక పెండ ఎత్తాలి, బర్రెల్ని కడగాలి, గడ్డి వెయ్యాలి, దాణా కలపాలి. పదింటికి గదికి పోయి వండుకుని తినేసరికి మళ్లీ మధ్యాహ్నం పాలకు వేళవుతుంది. ఆ పాలు కొత్తపేట మిఠాయి దుకాణాలకు పోతాయి. షెడ్డు కడిగి బయటపడితే రాత్రి ఎనిమిది, ఇంటి పని ముగిసేసరికి తొమ్మిదిన్నర. వారంలో సెలవంటూ లేదు. జ్వరమొచ్చి పడుకుంటే ఆ రోజు జీతం ఉండదు. ఆడవాళ్లకు నెలకు మగవాళ్లకన్నా నాలుగు వేలు తక్కువ. ఎందుకని ఎవరూ అడగలేదు. మొదట్నుంచీ అంతే.

బాల్‌రాజ్ చెడ్డవాడేం కాదు. ఊళ్లో మిగతా వాళ్లంతా పొలాలు అమ్మి బిల్డింగులు కట్టుకుని కిరాయిల మీద బతుకుతుంటే, తల్లి శివమ్మ రెండు బర్రెలతో మొదలుపెట్టిన పనిని అతను వదల్లేదు. పనివాళ్లు పటేల్ అని పిలిచే ఈ మనిషి తనూ రెండింటికే లేచి షెడ్డులో తిరిగేవాడు. కాకపోతే అతనికి మధ్యాహ్నం పడుకునే వీలుంది. రెబెక్క దవాఖాన ఖర్చు తనే పెట్టుకున్నాడు. ఆరు వారాల జీతం మాటెత్తితే మాత్రం, "కూసున్నోళ్లకు జీతమెట్ల ఇస్తా రెబెక్కా, నువ్వే చెప్పు," అన్నాడు.

మొదటి రెండు రోజులు రెబెక్క ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. మూడోనాడు పొద్దున సాలోమోను ఇంటింటికీ పాలు వేసి తిరిగొచ్చేసరికి లేచి, ఎడమచేత్తోనే చాయ్ పెట్టింది. ఆ వేళకు ఇద్దరూ ఒక్కచోట కూర్చోవడం ఆ గదిలోకి వచ్చాక అదే మొదలు.

"గింత లేటేందయ్యా?" అని అడిగింది.

"ఖాళీ సీసాలకు ఆగాలె కదా. ఏడుదాంక ఎవ్వరూ తలుపు తీయరు."

"మరి పాలు?"

"పాలకేమైంది?"

"ఐదింటికి నువ్వు పెట్టిన పాలు. గవి ఎవరు తీస్కుంటరు?"

"తలుపుకు సంచి ఉంటది, దాంట్ల పెడత. లేసినంక తీస్కుంటరు. ఎండకాలమైతే ఒకటో రెండో ఇరిగిపోతయ్. ఇంకో సీస ఇచ్చి రమ్మంటడు పటేల్."

రెబెక్క చాయ్ గ్లాసు కింద పెట్టింది. తర్వాత, "గా పాలు రెండు గంటలు సంచుల ఏలాడేటందుకా నేను బర్రె కింద తూగుకుంట కూసున్నది?" అంది.

సాలోమోను గుమ్మం బయటికి చూశాడు. "మెల్లగ మాట్లాడు."

"ఆళ్లనే అడిగొస్త. పాలు ఏడింటికొస్తే మీకేమైతదని."

"నీకు దిమాక్ ఖరాబైందా? గిరాకీల ఇండ్లకు పోయినవని తెలిస్తే నౌకరి పోతది. నౌకరితోని గీ రూం పోతది."

"నువ్వు రాకు. ఏ బిల్డింగులో చెప్పు, చాలు."

సాలోమోను ఆ రోజంతా చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం మాత్రం పాత క్యాలెండర్ కాగితం వెనక బిల్డింగుల పేర్లు, వాటికి వెళ్లే సందుల గుర్తులు రాసి ఆమె దిండు పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు గడ్డి దింపడానికి పోయాడు.

ఆదివారం రెబెక్క ఉతికిన చీర కట్టుకుని, కట్టు చేతిని మెడకు తగిలించుకుని బస్సెక్కింది. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, మెట్రో పిల్లర్ దగ్గర్నుంచి రెండు సందులు లోపలికి నడిచి మొదటి అపార్ట్‌మెంట్ చేరింది. కింద బండ్లు పెట్టే చోట ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని పాతిక ముప్పై మంది మీటింగులో ఉన్నారు. అసోసియేషన్ ప్రెసిడెంటు మురళీకృష్ణ గుంటూరు వైపు మనిషి, బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. పాల డెయిరీ నుంచి వచ్చానని చెబితే, "బిల్లు సంగతైతే సాయంత్రం రావమ్మా," అన్నాడు.

"బిల్లు కాదు సార్. అందర్నీ ఒక్క మాట అడుగుదామని వచ్చిన."

ఆయన ఆమె చేతి కట్టు చూసి, పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ చూపించాడు. రెబెక్క కూర్చోలేదు. కూర్చుంటే గొంతు లేవదనిపించింది.

"నేను మీకు ఎర్కలేదు," అని మొదలుపెట్టింది. "మీరు తాగే పాలు పదకొండేండ్ల సంది నేను పిండుతున్న. ఇంకో ఏడుగురు ఉన్నరు నాతోని. మీకు ఐదింటికి పాలు రావాల్నంటే మేం రెండింటికి బర్రెల కింద కూసోవాలె. మొన్న కూసున్న కాడనే నిద్రపోయిన, బర్రె తన్నింది. దాని తప్పు లేదు. మీరు ఏడింటికి తీస్కుంటమంటే మేం నాలుగింటికి కూసుంటం. గా రెండు గంటలు మాకు నిద్ర. మీకేమన్న తకలీఫ్ అయితదా అని అడగనీకొచ్చిన. గంతే."

మురళీకృష్ణ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఐదింటికి కావాలని మేమెప్పుడు అడిగామమ్మా? మీ ఆటో మీద మీరే రాసుకున్నారు. అదే మీకు వీలనుకున్నాం. మా ఇంట్లో కాఫీ ఆరున్నరకి. అదీ ముందురోజు పాలతోనే."

"మా ఇంట్ల ఎనిమిదికి గాని పొయ్యే ఎలిగియ్యరు," అని వెనకనుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు.

రెండో వరసలో కూర్చున్న భావన చెయ్యెత్తింది. ఆమె ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. "నేను ఐదున్నరకే డ్యూటీకి వెళ్లిపోతాను. ఏడంటే నాకు కుదరదు," అంది.

అందరూ రెబెక్క వైపు చూశారు. ఇలా అడుగుతారని ఆమె అనుకోలేదు. ఒక నిమిషం ఆలోచించి, "మధ్యాహ్నం పిండిన పాలు మీకు సాయంత్రమే తెచ్చిస్తం మేడం. కొత్తపేటకు ఆటో ఎట్లైనా వస్తది," అంది.

"అదింకా నయం. పొద్దున కాచుకునే టైము నాకు మాత్రం ఎక్కడుంది," అంది భావన. కాసేపాగి, "మీకు వారంలో ఆఫ్ ఏ రోజు?" అని అడిగింది.

"లేదు మేడం."

"మాకూ ఉండేది కాదు. అందరం కలిసి రాసిచ్చాక ఇచ్చారు. నోటితో అడిగితే మర్చిపోతారు. కాగితం మీద పెట్టండి. నేను రాస్తాను, మీరు చెప్పండి."

ఆ మధ్యాహ్నం భావన ఇంట్లో రెండు కాగితాలు తయారయ్యాయి. ఒకటి వాడకందార్లది. పాలు ఏడింటికి వస్తే చాలునని, పనివాళ్ల జీతాలు పెంచడానికైతే లీటరుకు రెండు రూపాయలు ఎక్కువిస్తామని. రూపాయల మాట మురళీకృష్ణ చేర్పించాడు. దానికి ఇద్దరు ముగ్గురు సణిగారు గానీ చివరికి సంతకాలు పెట్టారు. రెండో కాగితం పనివాళ్లది. రెబెక్క ఒక్కో మాట చెప్పడం, భావన రాసి చదివి వినిపించడం.

తర్వాత పది రోజులు రెబెక్క అదే పనిగా తిరిగింది. కొత్తపేటలో ఒకావిడ తలుపు సందులోంచే, "మాకెందుకమ్మా మీ గొడవలు," అని మూసేసింది. ఎల్బీనగర్‌లో ఒకాయన ఏడింటికైతే ప్యాకెట్ పాలే తెచ్చుకుంటానన్నాడు. ఒక బిల్డింగులో వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. ఆమె గేటు దగ్గరే నిలబడి వచ్చిపోయేవాళ్లను అడిగింది. మెట్లెక్కీ దిగీ కాళ్లు వాచాయి. అయినా ఆ తిరుగుడులో ఆమెకు ఒక సంగతి తెలిసింది. తలుపు తీసినవాళ్లలో ఎక్కువమంది మొదట ఆశ్చర్యపోయారు, తర్వాత సిగ్గుపడ్డారు, ఆపైన పెన్ను వెతికారు. అన్ని ఇళ్లలోకీ కాదన్నవి తొమ్మిదే.

పనివాళ్ల కాగితం మీద వేలిముద్రలు, సంతకాలు యాదలక్ష్మి తీసుకుంది. మగవాళ్లలో పెద్దవాడైన గోపయ్య మొదట వెనకాడాడు. "మీకు మా అంత ఇయ్యాల్నంటే మా జీతం కోస్తడేమో," అన్నాడు.

"కోస్తే నీ తరఫున నేనే కొట్లాడుత," అంది యాదలక్ష్మి. గోపయ్య పెట్టాడు.

రెండు కాగితాలూ పట్టుకుని ఎనిమిది మందీ ఒక మధ్యాహ్నం బాల్‌రాజ్ ముందు నిలబడ్డారు. మొదటిది చదువుతుంటే అతని మొహం నల్లబడింది.

"నా గిరాకీల ఇండ్లకు పోయినవా? నన్నడగకుండ?"

"నిన్నడిగితే ఒద్దంటవని పోయిన పటేలా," అంది రెబెక్క. "ఆళ్లు ఏడింటికి సరే అన్నరు. జర సంతకాలు చూడు."

"సంతకాలు పెట్టేటోళ్లు పెడతరు. రేపు పాలు లేటైతే ఇంకో డెయిరీకి పోతరు. గీ పేరు నిలబెట్టనీకి పదిహేనేండ్లు పట్టింది నాకు." రెండో కాగితం సగం చదివి మడిచేశాడు. "ఎనిమిది గంటల పనంట, వారానికో సెలవంట. ఇదేమన్న సర్కారు ఆఫీసా? రెబెక్కా, నీకు రేపట్నుంచి పని లేదు. ఆదివారం కల్లా రూం ఖాళీ చెయ్యి."

సాలోమోను దూరంగా ఆటో దగ్గర నిలబడి అంతా విన్నాడు. రెబెక్క ఏదో అనేలోపే యాదలక్ష్మి ముందుకొచ్చింది.

"పటేలా, పని బందు పెట్టం. పొదుగు సలిపి అరిస్తే మేం చూడలేం, బర్రెలు మాకు పిల్లల లెక్క. గని రెండింటికి రాము. రేపు నాలుగింటికొస్తం. కాగితంల ఏం రాసినమో గట్లనే చేస్తం. ఎనిమిది గంటలు కాంగనే పోతం. రెబెక్క రూం ఖాళీ చేస్తే మేమంత చేస్తం."

"పోన్రి. నా బర్రెలను నేను పిండుకుంట," అన్నాడు బాల్‌రాజ్.

మర్నాడు నాలుగింటికి ఏడుగురూ షెడ్డులోకి వచ్చేసరికి బాల్‌రాజ్ తడిసిన ప్యాంటుతో తొట్టి అంచు మీద కూర్చుని ఉన్నాడు. బకెట్ అడుగున గిద్దెడు పాలున్నాయి. రెండింటి నుంచి నాలుగు బర్రెల్ని మార్చి మార్చి ప్రయత్నించాడట. ఒక్కటీ చేపలేదు. కొత్త చెయ్యి తగిలితే బర్రె పాలు కిందికి వదలదు. శివమ్మ కూడా లేచి వచ్చి ఒక బర్రెను పిండి, మునివేళ్లు నొక్కుకుంటూ గోడవారన కూర్చుంది.

"నా చేతులు ఒక్క బర్రెకే అయిపోయినయ్ కొడకా," అంది. "ఆళ్లు పదేసి పిండుతరు. నేను అమ్మిన దినాలల్ల తెల్లారినంకనే పిండేదాన్ని. ఎవ్వరూ ఒద్దనలే."

బాల్‌రాజ్ లేచి బకెట్ యాదలక్ష్మికి ఇచ్చాడు.

ఐదూ ముప్పావుకు సీసాలు నిండాయి. ఆరింటికి ఆటో కదులుతుంటే బాల్‌రాజ్ వచ్చి సాలోమోను పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఎవరెవరు తిడతారో చెవులారా విని, వచ్చి వీళ్ల మొహాన ఆ మాట కొట్టాలని అతని ఉద్దేశం. దారి పొడుగునా ఫోను చేతిలోనే పట్టుకున్నాడు. సాగర్ రింగ్‌రోడ్డు దగ్గర ఒక్కసారి మోగింది. ఎత్తితే, ఆ రోజు లీటరు ఎక్కువ కావాలని ఒకావిడ అడిగింది.

ఎల్బీనగర్‌లో మొదటి బిల్డింగు మెట్లు బాల్‌రాజే ఎక్కాడు. తలుపులకు సంచులు ఖాళీగా వేలాడుతున్నాయి. ఇళ్లల్లో అప్పుడప్పుడే కుళాయిల చప్పుడు మొదలవుతోంది. ఒక ముసలాయన తలుపు తీసి సీసా చేతికే అందుకుని, "ఇంకా గోరువెచ్చగా ఉన్నాయే," అని లోపలికి పోయాడు. కొత్తపేటలో ఇద్దరు ఆలస్యం ఏమిటని అడిగారు. సాలోమోను చెబితే తలూపారు.

దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంటు చేరేసరికి సరిగ్గా ఏడు. మురళీకృష్ణ పేపరు కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. బాల్‌రాజ్‌ను చూసి, "ఓనరుగారు మీరేనా?" అన్నాడు. "చాలా మంచి పని చేశారండీ. ఆవిడ వచ్చి చెప్పేదాకా మాకు తెలియనే తెలియదు. నిద్ర లేని మనిషి పితికిన పాలు తాగుతున్నామని మా ఆవిడ రెండు రోజులు బాధపడింది. ఇంతకీ ఆ చెయ్యి విరిగినావిడ ఎలా ఉంది? పనిలోనే ఉంది కదా?"

బాల్‌రాజ్ చేతిలో సీసాల ట్రే ఉంది. సాలోమోను అతని మొహం వంక చూడకుండా ఖాళీ సీసాలు సర్దుతున్నాడు.

"ఉంది సార్," అన్నాడు బాల్‌రాజ్. "పనిలనే ఉంది. కట్టు తీసేదాంక రెస్టుల ఉంచినం."

"జీతంతోనేగా?"

"జీతంతోనే సార్."

తిరుగు ప్రయాణంలో బడంగ్‌పేట్ కమాను దాటాక అతను, "మీ ఆమెకు చెప్పు సాలోమోను, సామాను సర్దొద్దని," అన్నాడు.

ఆ పొద్దున తొమ్మిదింటికి షెడ్డు ముందు మంచం వేసుకుని బాల్‌రాజ్ రెండో కాగితం విప్పాడు. రెబెక్కను కూడా పిలిపించాడు. పొద్దున నాలుగు నుంచి ఎనిమిది, మళ్లీ మూడు నుంచి ఏడు, అది ఒప్పుకున్నాడు. అంతకు మించి పని పడితే వేరే కూలి ఇస్తానన్నాడు. పెండ ఎత్తడానికి, కడగడానికి మరో ముగ్గుర్ని పెట్టుకుంటానన్నాడు. వారానికి ఒక సెలవు, వంతులవారీగా. పనిలో దెబ్బ తగిలితే జీతం ఆగదు. ఆడవాళ్ల జీతం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు.

"ఇది మాత్రం జర ఆలోచించాలె. ఎక్కడా లేదు."

"పటేలా, మిఠాయి దుకాణపోడు నీ దగ్గర పాలు కొనేటప్పుడు ఆడోళ్లు పిండినయా, మొగోళ్లు పిండినయా అని అడుగుతడా?" అంది యాదలక్ష్మి.

శివమ్మ పక్కున నవ్వింది. గోపయ్య కూడా నవ్వాడు. "ఇయ్యి పటేలా. నా బర్రెలు పది, యాదలక్ష్మియి పది. చూస్తనే ఉన్న గద రోజు," అన్నాడు. బాల్‌రాజ్ కాగితం మోకాలి మీద పెట్టుకుని, కింద తన పేరు పూర్తిగా రాశాడు. లీటరుకు రెండు రూపాయల సంగతి రెబెక్క గుర్తుచేస్తే, "అది కూడ జీతాలకేనని రాయిస్తివా," అని తల పట్టుకున్నాడు గానీ, ఆ మాటలో కోపం లేదు.

ఆరు వారాలకు కట్టు తీశారు. ఇంకో పక్షం రోజులు ఆగి రెబెక్క పనిలోకి వచ్చింది. మొదటి బర్రె ఆమెను వాసన చూసి, కూర్చున్న నిమిషానికే చేపింది. మణికట్టు ఇంకా కొంచెం పీకుతున్నా ధార సన్నగిల్లలేదు. ఎనిమిదింటికి బకెట్లు కడిగి బోర్లించి బయటికొస్తే, ఎదురుగా మూడింటిదాకా పగలంతా ఆమెదే. ఆ పగటితో ఏం చెయ్యాలో మొదట్లో తెలియలేదు. తర్వాత తెలుసుకుంది. ఆదివారాలు చర్చిలో ముందు వరసలో కూర్చుని పాటలు పూర్తిగా నేర్చుకుంది. సాలోమోనుతో కలిసి కొత్తపేట రైతుబజారుకు పోయి కూరగాయలు తెచ్చుకుంది.

ఎండలు ముదిరే వేళకు ఒకనాడు బాటసింగారం వైపు నుంచి ఆటోలో ఆరుగురు ఆడవాళ్లు దిగారు. రెండు వేరే డెయిరీల వాళ్లు. రెబెక్క వాళ్లను గది ముందు నీడలో చాప వేసి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చింది. వాళ్లలో ప్రవీణ అనే ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంటూ, "మమ్మల్ని చూసి తలుపేస్తే ఎట్లక్కా?" అని అడిగింది.

"నాకు సుత ఏసిన్రు. పక్కింటి తలుపు కొట్టు," అంది రెబెక్క. "ముందు ఎవ్వరు ఎన్నింటికి లేస్తున్నరో, ఎన్నింటికి పండుకుంటున్నరో చెప్పున్రి. అందరియి రాసుకుందాం."

ఆరుగురూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. రెబెక్క నవ్వుతూ చెయ్యెత్తి ఆపి, ప్రవీణను ముందు చెప్పమంది.